ఎడమ పురి

ఆ ఉచ్చులు పెట్టింది మా పెద్దబాపు కాదు, నేను. నలభై ఏళ్లు నా నోట రాని మాట ఇది. ఎవరూ అడగక కాదు. అడిగిన రోజున ఆయన పక్కనే నిలబడి ఉన్నాను, అయినా నోరు విప్పలేదు. తర్వాత ఇంట్లో అడిగినప్పుడు కంచం ముందు కూర్చుని ఉన్నాను, అప్పుడూ విప్పలేదు. ఆ తర్వాత అందరూ మరిచిపోయి ఉంటారులే అని నాకు నేనే నచ్చజెప్పుకుంటూ వచ్చాను.

పోయిన చలికాలంలో ఒక సాయంత్రం మా అమ్మాయి సౌమ్య ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. కాలేజీ వాళ్లతో కలిసి తాపీ నది సముద్రంలో కలిసే చోట, మడచెట్ల వేళ్లకు చుట్టుకున్న చెత్త ఏరడానికి వెళ్లింది. సంచి మూతి విప్పగానే ఇల్లంతా ఆ వాసన కమ్ముకుంది. ఉప్పూ, నానిపోయిన ఆకూ, మురిగిన గుడ్డూ కలిసినట్టుండే నల్లబురద వాసన. సంచిలో ఉన్నది దారపు ఉండ. మన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నడిచే పాలిస్టర్ దారమే, బురద పట్టి నల్లబడినా ఒక్క పోగు కూడా కుళ్లలేదు. ఆ దారం కాలికి బిగుసుకుని వేళ్లు తెగిపోయిన పిట్ట ఒకటి ఒంటికాలి మీద గంతులేస్తూ కనిపించిందని సౌమ్య చెప్పింది. "ఎవరు చేస్తరు పప్పా గిట్ల?" అని అడిగింది. "ఏమో బిడ్డా, నాకేం తెలుసు" అన్నాను.

మా చిన్నప్పుడు మేము సూరత్‌లోని లింబాయత్‌లో ఉండేవాళ్లం. కరీంనగర్ వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన నేతవాళ్లతో ఆ గల్లీ నిండిపోయి ఉండేది. పొద్దున్నే గుమ్మాల ముందు అంబలి గిన్నెలు, పక్కింట్లోంచి మరాఠీ పాట, ఎదురింట్లోంచి ఒడియా మాటలు, వీటన్నిటి కింద ఎడతెగకుండా సాంచాల చప్పుడు. ఆ చప్పుడుకు గోడకానించిన మంచం వణికేది, కుండలో నీళ్ల మీద సన్నని వలయాలు లేచేవి. వేసవిలో గాలి కోసం సాంచాలుండే షెడ్ల, అదే ఖాతాల, కిటికీలు తెరిస్తే నూనె వాసన, గంజి వాసన, చెమట వాసన మూడూ కలిసి గల్లీలోకి వచ్చేవి. మేము ఖాళీ కండెలతో కోటలు కట్టేవాళ్లం, గోటీలు ఆడేవాళ్లం, పారేసిన దారాన్ని పెనవేసి తాళ్లు చేసి ఒకరినొకరు గుర్రాలుగా కట్టుకుని పరుగెత్తేవాళ్లం. మా చేతుల్లో ఎప్పుడూ దారం ఉండేది. దారం లేని ఆట మాకు తెలియదు.

పెద్దబాపు పేరు నర్సయ్య. మా బాపుకు అన్న. ఖాతాలో ఆయన పని అచ్చు అతకడం. సాంచ మీద పడుగు అయిపోవస్తే పడుగు చుట్టిన కొత్త బీము తెచ్చి పెడతారు. పాత పడుగులోని ఒక్కో పోగుకు కొత్త బీములోని ఒక్కో పోగును అతకాలి. ఆయన వేళ్లకు బూడిద రాసుకుని, రెండు పోగుల కొసలు కలిపి బొటనవేలి కింద ఒక్క తిప్పు తిప్పితే అవి ఒకటైపోయేవి. వేల పోగులు, ఒక్కటి కూడా జారేది కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడే ఆ పని నేర్పాడు. నేను ఎడమచేతివాటం. అందరూ కుడివైపు తిప్పితే నేను ఎడమవైపు తిప్పేవాణ్ణి. "నీది ఉల్టా పురిరా, వెయ్యి పోగుల్ల ఉన్నా పట్టుకుంట" అని నవ్వేవాడు.

ఇరవై ఏళ్లు సాంచాల మధ్య తిరిగి ఆయన చెవులు సగం పోయాయి. అది ఆయన ఒక్కడికే కాదు, ఖాతాలో పెద్దవాళ్లందరిదీ అదే సంగతి. ఆ మోతలో మాటలు ఎటూ వినపడవు కాబట్టి వాళ్లు చేతులతో, పెదవులతో మాట్లాడుకునేవారు. రెండు చూపుడువేళ్లు ఆనించి విడదీస్తే పోగు తెగిందని. పిడికిలి నోటి దగ్గర పెడితే చాయ్ వచ్చిందని. గడ్డం పైకెత్తితే ఎవరిదని అడగడం. గుడ్డలో తప్పు పడి సేటు వచ్చి నిలబడినప్పుడు, ఆ తప్పు ఎవరిదో వాడు అరచేత్తో రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకుని చెయ్యి పైకెత్తేవాడు. నాదే, అని అర్థం. అలా చెయ్యెత్తినవాణ్ణి తోటివాళ్లు ఒక్క మాట అనేవారు కాదు, వెంటనే వెళ్లి సర్దడానికి సాయం పట్టేవారు. చెయ్యెత్తకుండా తలదించుకుని పక్కవాడి మీదికి పోనిచ్చినవాడితో మాత్రం ఆ తర్వాత ఎవరూ చాయ్ తాగేవారు కాదు. ఖాతాలో అడుగుపెట్టిన ప్రతి పిల్లవాడికీ మొదట తెలిసే మర్యాద అదే. నాకూ తెలుసు.

ఆదివారం కరెంటు ఉండదు, ఖాతాకు ఛుట్టీ. మిగతావాళ్లు సినిమాకో బంధువుల ఇంటికో పోతే పెద్దబాపు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సముద్రం వైపు బయలుదేరేవాడు. తాపీ వంతెన దాటి, హజీరా దారి పట్టి, జొన్న చేలూ చెరుకు బండ్లూ దాటుకుంటూ పోతే చివరికి ఉప్పు మడులు వచ్చేవి. వాటి అవతల పోటు తీసినప్పుడు కనుచూపు మేరా బురద. ఆ ఉప్పు మడులకు కావలి ఉండే ఛనాకాకా తాటాకుల గుడిసె ముందు సైకిలు ఆపేవాళ్లం. ఆయన గుజరాతీ కలిసిన హిందీలో మాట్లాడేవాడు, పెద్దబాపు తెలుగు కలిసిన హిందీలో మాట్లాడేవాడు, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, ఆ సగంతోనే ఇద్దరికీ సరిపోయేది. నిమ్మగడ్డి వేసి కాచిన చాయ్ ఇచ్చేవాడు. చలికాలమైతే నిప్పుల మీద కాల్చి దులిపిన లేతజొన్న గింజలు, పొంక్ అంటారు సూరత్‌లో, ఆకుపచ్చగా, పాలు కారుతూ, పైన సన్న కారప్పూస చల్లి దోసిట్లో పోసేవాడు. మేము పెద్దమ్మ కట్టిచ్చిన సకినాలు ఇచ్చేవాళ్లం.

పిట్టలు బతుకమ్మ పండుగ రోజుల్లో వచ్చేవి. మలీద ముద్దలు డబ్బాలో పెట్టుకుని వెళ్లిన ఆదివారం మొదటి గుంపులు కనిపించేవి. హోళీ దాటిన కొన్నాళ్లకు వెళ్లిపోయేవి. ఎక్కడో మంచు దేశాల నుంచి వస్తాయని ఛనాకాకా ఉత్తరం వైపు చెయ్యి ఊపి చెప్పేవాడు. వాటి పేర్లు మాకు తెలియవు, మేమే పెట్టుకున్నాం. పొడుగాటి వంకర ముక్కును బురదలో మూలదాకా దించి పురుగును లాగే పెద్దదాని పేరు కొక్కెం పిట్ట, అచ్చులోంచి పోగు లాగే కొక్కెం సరిగ్గా అలాగే ఉంటుంది కాబట్టి. నీటి అంచు వెంట, పేక దారం మోసే నాడెలాగా ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరుగెత్తే చిన్నవి నాడె పిట్టలు. అవి వందలకొద్దీ ఒక్కసారి లేచి గాలిలో మళ్లితే ఒక క్షణం గోధుమరంగు, మరుక్షణం తెల్లగా మెరుపు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన గుడ్డను ఎండలో తిప్పితే మెరిసినట్టు. పెద్దబాపు అది చూస్తూ, "ఏ సాంచ మీద నేసిండ్రా దీన్ని?" అనేవాడు. ఒంటి డెక్కను ఊపే ఎర్ర పీతలు, బురద మీద గంతులేసే చేపలు, దూరాన గులాబీ గీతలాగా నిలబడే పెద్ద కొంగలు, ఇవన్నీ గంటలకొద్దీ చూసేవాళ్లం.

అన్నీ చూసేవాడు గాని వినలేకపోయేవాడు. అందుకే నన్ను తీసుకెళ్లేవాడేమో. కొక్కెం పిట్ట అరవగానే దాని గొంతు కదలడం చూసి, నా భుజం తట్టి, "ఏమంటుందిరా అది?" అని అడిగేవాడు. నేను రెండు చేతులూ దొప్పలా చేసి ఆయన చెవికి ఆనించి, "కుర్లీ... కుర్లీ..." అని సాగదీసి అరిచేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని విని, "మీ పెద్దమ్మ గల్లీ చివరికెల్లి నన్ను పిలిచినట్టే ఉన్నది" అనేవాడు. ప్రతి ఆదివారం అదే మాట, ప్రతిసారీ ఇద్దరం నవ్వేవాళ్లం. ఇంటికొచ్చాక పెద్దమ్మ, "పిట్టల మీదున్న పావు ప్రేమ నా మీద ఉంటే ఎంత బాగుండు" అని ఎత్తిపొడిచేది. ఆమెకు మేము నవ్విన సంగతి ఎన్నడూ చెప్పలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు ఒక కొక్కెం పిట్టను పట్టాలనిపించింది. ఎందుకు పట్టాలనుకున్నానో చాలా ఏళ్లు నాకు నేను ఒక అందమైన కారణం చెప్పుకున్నాను. పిట్టను పట్టి పెద్దబాపు చెవి దగ్గర పెడితే దాని గొంతు ఆయనే వింటాడని. ఆ ఆలోచన వచ్చిన మాట నిజమే. కాని అది సగమే. గల్లీ పిల్లలు "మీ చెవిటి పెద్దబాపు పిట్టలతోని ఏం ముచ్చట పెడ్తడ్రా?" అని ఆటపట్టించినప్పుడు, అంత పెద్ద పిట్టను పట్టి తెచ్చి చూపిస్తానని పందెం కట్టాను. ఆ రెండో సగమే నా చేతులతో పని చేయించింది.

ఖాతాలో పారేసిన పాలిస్టర్ దారం తెచ్చి, ఒంటి పోగు చాలదని ఆరు పోగులు కలిపి పురి పెట్టాను. జారుముడి వేసి చిన్న చిన్న ఉచ్చులు చేసి, అన్నిటినీ ఒక పొడుగు తాడుకు అతికాను. ఆ పని వారం రోజులు బడి పుస్తకాల చాటున చేశాను. ఇంత బాగా చేసిన పని అప్పటికి నా బతుకులో లేదు. పోటు వచ్చినప్పుడు బురదంతా మునిగిపోతే పిట్టలన్నీ ఉప్పు మడుల గట్టు మీదికి వచ్చి ఒత్తుకుని నిలబడతాయని నాకు తెలుసు. అది నాకు చూపించింది పెద్దబాపే. ఆ ఆదివారం ఆయన, ఛనాకాకా చాయ్ తాగుతుంటే నేను గట్టు మీదికి వెళ్లి, రెండు మేకులు పాతి, తాడు కట్టి, ఉచ్చుల మీద పొడిమన్ను చల్లి వచ్చాను.

పోటు రావడానికి ఇంకా రెండు గంటలు ఉండగా సైకిలు చక్రం గాలి పోయింది. నడిపించుకుంటూ పోవాలి కాబట్టి ఇప్పుడే బయలుదేరుదామన్నాడు పెద్దబాపు. ఉచ్చులు తీయాలంటే ఎందుకు గట్టు మీదికి పోతున్నానో చెప్పాలి. చెప్పలేదు. దారిపొడుగునా ఒక్కటే అనుకున్నాను. సాంచ మీద దారం రోజుకు వందసార్లు తెగుతుంది. మా బాపు బతుకంతా తెగిన పోగు అతకడంతోనే పోతోంది. పిట్ట ఒక్క గుంజు గుంజితే అదీ తెగిపోతుంది. నేతవాడి కొడుకును కాకపోతే ఆ మాట నమ్మేవాణ్ణి కాదేమో. దారం తెగే వస్తువు అని నాకు అంత గట్టిగా తెలుసు.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఛనాకాకా చాయ్ పెట్టలేదు. గుడిసె ముందు గోనెసంచి పరిచి ఉంది. దాని మీద ఏడు పిట్టలు. మూడు కొక్కెం పిట్టలు, మిగతావి నాడె పిట్టలు. కాళ్లకు నా దారం. గుంజుకుని గుంజుకుని ఎముక దాకా కోసుకుపోయింది. ఇంకొకదాని తెగి వేలాడుతున్న కాలు తెంచి వదిలేస్తే ఎగిరిపోయిందట. ఛనాకాకా ఒక ఉచ్చును ఎత్తి పట్టుకుని, "నర్సూభాయ్, యే తుమ్హారా ధాగా హై?" అని అడిగాడు. నీ దారమేనా ఇది, అని. చుట్టుపక్కల ఉప్పు మడుల్లో పనిచేసే నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అక్కడికి వచ్చే నేతవాడు ఆయన ఒక్కడే. ఇంకెవరిని అడుగుతారు.

మాట వినపడకపోయినా పెద్దబాపుకు అర్థమైంది. ఉచ్చును అందుకుని, ముడి దగ్గర బొటనవేలితో తడిమి, పురిని ఒకసారి విప్పి చూశాడు. ఎడమవైపు తిరిగిన పురి. నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడం నాకు ఈ రోజుకూ కళ్లముందే ఉంది. ఉచ్చు కింద పెట్టి, అరచేత్తో రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకుని, చెయ్యి పైకెత్తాడు.

ఆ గుర్తు అక్కడున్నవాళ్లకు తెలియదు, నాకు ఒక్కడికే తెలుసు. వాళ్లకు తెలిసింది ఆయన తల వంచుకున్నాడని మాత్రమే. ఛనాకాకా ముఖం పక్కకు తిప్పుకుని "అబ్ మత్ ఆనా" అన్నాడు. ఇంక రావద్దని. ఆ మాట కటువుగా అనలేదు, ఏడుపు ఆపుకుంటున్నవాడిలా అన్నాడు. నేను పెద్దబాపు లుంగీ కొస పట్టుకుని నిలబడ్డాను.

తాపీ వంతెన మీద ఆయన సైకిలు ఆపి, నీళ్లు తాగి, నదిని చూస్తూ ఒక్క మాట అన్నాడు. "ఒక్క పోగు తెగుతది బిడ్డా. ఆరు కలిపి పురి పెడితే తెగదు." నేను ఊఁ అన్నాను. అది ఆయనకు వినపడి ఉండదు.

ఆ రాత్రి పెద్దమ్మ, ఎప్పటికన్నా ముందే ఎందుకు తిరిగొచ్చారని అడిగింది. నేను అక్కడే అన్నం తింటున్నాను. తెలిస్తే మా బాపు నా వీపు చీరేస్తాడని ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దబాపు చేతులు కడుక్కుంటూ, "ఉచ్చులు పెట్టిన. పిట్టలు చచ్చినయ్. రావద్దన్నరు" అన్నాడు. పెద్దమ్మ ఆయన ముఖం కేసి ఎంతసేపు చూసిందో. నేను పప్పు కలుపుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఆ దారి తొక్కలేదు. ఆదివారాలు గడపలో కూర్చుని సైకిలు చైనుకు నూనె పోసేవాడు, ఎక్కడికీ పోని సైకిలుకు. నాతో ఎప్పటిలాగే ఉన్నాడు, అచ్చు అతకడంలో మిగతా మెలకువలన్నీ నేర్పాడు. ఒక్కటే మానేశాడు. గోడ మీద కాకి అరిచినా, గల్లీలో పావురం అరిచినా, "ఏమంటుందిరా అది?" అని మళ్లీ నన్ను అడగలేదు. ఇంకో నాలుగైదేళ్లకు చెవులు పూర్తిగా పోయాయి. పెద్దమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది, "సాంచలు కాదమ్మా, పిట్టల ఉసురు తగిలింది" అని. ఆయన ముందే చెప్పేది, వినపడదు కదా అని. కాని ఖాతా మనిషికి పెదవులు చదవడం వచ్చని ఆమెకు తోచలేదు. నాకు తెలుసు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ చాయ్ తాగి లేచి వచ్చేశాను.

నేను నేత పనిలో ఉండలేదు. హజీరాలో ఒక కంపెనీలో ఫిట్టరుగా చేరాను. పాతికేళ్లుగా కంపెనీ బస్సు ఆ దారినే పోతోంది, నేను ఎప్పుడూ అవతలి వైపు సీటులో కూర్చుంటాను. ఉప్పు మడులు చాలావరకు పోయాయి. ఛనాకాకా గుడిసె ఉన్నచోట ఇప్పుడు గోడ ఉంది. ఆయన ఎప్పుడో పోయాడని విన్నాను, నర్సూభాయ్ మోసం చేశాడని అనుకుంటూనే పోయి ఉంటాడు. మిగిలిన కాస్త బురదకు, మడచెట్లకు అటవీశాఖ కంచె వేసి, బోర్డు పెట్టింది. ఇక్కడి పక్షులకు హాని చేయడం నేరమని గుజరాతీలో రాసి, కింద కొక్కెం పిట్ట బొమ్మ వేశారు. దారం ఉండ చూసిన మరుసటి ఆదివారం సౌమ్యను వెంటబెట్టుకుని వెళ్లి ఆ బోర్డు ముందు నిలబడ్డాను. పోటు వస్తోంది. మా చిన్నప్పుడు ఆకాశాన్ని కప్పేసిన చోట యాభయ్యో అరవయ్యో పిట్టలు. అక్కడే దానికి అంతా చెప్పాను. అది బురద కేసే చూస్తూ, "దాదాకు చెప్పినవా?" అంది. పెద్దబాపును అది దాదా అంటుంది. లేదన్నాను. "అయితే నాకెందుకు చెప్తున్నవ్ పప్పా?" అంది.

పెద్దబాపు, పెద్దమ్మ ఇప్పుడు కోసాడ్‌లో సర్కారు కట్టించిన ఇళ్లలో రెండో అంతస్తులో ఉంటారు. బోర్డు దగ్గరి నుంచి నేరుగా వాళ్లింటికే వెళ్లాం. ఆయనకు ఎనభై దాటాయి. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని, అలవాటు కొద్దీ ఏదో పాత చీర అంచులోంచి పోగు లాగి వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. పెద్దమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. "ఏందిరా, బిడ్డను తీసుకొని చెప్పకుండ వచ్చినవ్? జర ఆగు, చాయ్ పెడ్త" అంది. వద్దన్నాను. ముందు చెప్పనివ్వమన్నాను.

ఆయన ముందు నేల మీద కూర్చుని మోకాలు తట్టాను. చూశాడు. చేతులతో మాట్లాడి ముప్పై ఏళ్లయింది. ఖాతాల్లో ఇప్పుడు నాడె లేని సాంచాలు, చెవుల్లో ఫోన్ల తీగలు. ఈ గుర్తులు తెలిసినవాళ్లు సూరత్‌లో ఎందరు మిగిలారో తెలియదు. ఎడమచేతి వేళ్లతో గాలిలో పురి తిప్పాను, ఎడమవైపు. చూపుడువేలు వంచి కొక్కెం ముక్కు చూపించాను. తర్వాత అరచేత్తో రొమ్ము మీద రెండుసార్లు కొట్టుకుని, చెయ్యి పైకెత్తాను. ఎత్తిన చెయ్యి దించబుద్ధి కాలేదు.

ఆయన వేళ్లలో పోగు ఆగిపోయింది.

"ఏందిరా ఆ చేతులు? ఏమంటున్నవ్ మీ పెద్దబాపుతోని?" అంది పెద్దమ్మ, చాట ఒళ్లో పెట్టుకుని. ఆమె ఇంట్లో కండెలు చుట్టింది గాని ఖాతాలో ఏనాడూ అడుగుపెట్టలేదు. ఈ భాష ఆమెకు రాదు. ఆమెకు నోటితోనే చెప్పాలి. ఇన్నేళ్లూ ఆమె అన్న మాటకు జవాబు నోటితోనే ఇవ్వాలి.

ముఖం పెద్దబాపు వైపే ఉంచి, పెదవులు ఆయనకు కనిపించేలా, ఒక్కో మాట విడదీసి చెప్పాను. "పెద్దమ్మా, ఉచ్చులు పెట్టింది పెద్దబాపు కాదు. నేను. పిట్టలను చంపింది నేను. ఆయనకు తెలుసు, తెలిసే మీదేసుకున్నడు. ఆయనకు ఎవ్వరి ఉసురూ తగలలే. తప్పు నాది. ఇద్దరూ నన్ను మాఫ్ చెయ్యుండ్రి."